బుగ్గిదిబ్బ సిరిలయ్య

ఆ పాటలు మా అమ్మమ్మవి కావు.

ఇంత చిన్న మాట. ఏళ్ళ తరబడి చెంగమ్మ నోట పైకి రాలేదు. నీళ్ళు తోడుతూ లోపల అనుకునేది. జల్లెడ పడుతూ లోపల అనుకునేది. శాలువా కప్పించుకుంటూ కూడా లోపల అనుకుంది. పైకి మాత్రం అనలేదు. అననందుకే ఈ కథ పుట్టింది. అని ఉంటే ఈ కథే లేదు, ఒక మనిషి తలెత్తుకుని పోయి ఉండేవాడు.

మొదట్నుంచీ చెప్పుకుందాం. మధ్యలో కోపం వస్తే ఎవరూ ఆపుకోనక్కర్లేదు.

రైళ్ళు బొగ్గు తిని పొగ కక్కే కాలంలో, అనగా అనగా ఒక జంక్షను. ఆ జంక్షనుకి మూడు దారులు. ఒకటి సముద్రం వైపు, ఒకటి కొండల వైపు, ఒకటి పట్నం వైపు. మూడు దారుల ఇంజన్లూ అక్కడికొచ్చి కడుపులో బుగ్గి దిగబోసుకుని పోయేవి. అట్లా ఏళ్ళ తరబడి పోసిన బుగ్గి పెద్ద దిబ్బయింది. ఆ దిబ్బ మీద ఆడవాళ్ళు జల్లెళ్ళు పట్టుకుని వరసగా కూర్చునేవాళ్ళు. బుగ్గిని జల్లిస్తే కాలీకాలని బొగ్గుముక్కలు మిగిలేవి. అవి టీ బంకుల్లోకి పోయేవి, ఇస్త్రీ పెట్టెల్లోకి పోయేవి, ఇంటి పొయ్యిల్లోకి పోయేవి. అదీ వాళ్ళ బతుకు.

ఆ దిబ్బకొక కట్టుబాటు ఉండేది. మంచి ముక్క ఎవరికి దొరికినా, దొరికినవాళ్ళు 'నాది' అనకూడదు. పక్కన కూర్చున్న మనిషి చూసి 'అది నీదే' అనాలి. అప్పుడే గంపలో వేసుకోవాలి. ఎందుకంటే, 'నాది' అన్న మాట దగ్గరే కొట్లాట మొదలవుతుంది. 'నీది' అన్న మాట దగ్గర ఎవరూ కొట్లాడరు. ఈ కట్టుబాటు బొగ్గుకే కాదు, దిబ్బ మీద దొరికే దేనికైనా అంతే. పాటకీ అంతే. పాట కట్టినవాళ్ళు 'నేను కట్టాను' అనకూడదు. పక్కవాళ్ళు అనాలి.

ఆ దిబ్బ దగ్గరికి వచ్చాడొక దొరబిడ్డ. పేరు సిరిల్. ఇంగ్లండులో పుట్టాడు, చంకబిడ్డగా ఓడెక్కి వచ్చాడు. తండ్రి ఇంజను డ్రైవరు. తల్లి వాళ్ళ దేశంలో గొర్రెలు కాసేవాళ్ళింటి పిల్ల. గొర్రెల వెంట పాడుకునే పాటలూ, ఓడవాళ్ళ పాటలూ కొడుక్కి చెవిలో పోసి, చేతికొక గిటారిచ్చి, ఈ నేలలోనే కలిసిపోయింది. దొరల రాజ్యం పోయినప్పుడు తండ్రి పెట్టె సర్దాడు. కొడుక్కి మూడుసార్లు ఓడ టికెట్టు కొన్నాడు. మొదటిసారి ఒళ్ళు బాగోలేదన్నాడు. రెండోసారి ఏదో తిరునాళ్ళకి పోయి కనపడకుండా పోయాడు. మూడోసారి రేవుదాకా పోయి, ఓడెక్కే బల్ల మీద కాలు పెట్టి, మూటలు మోసేవాళ్ళు పాడుకునే పాట విని, ఆ కాలు వెనక్కి తీసేశాడు.

తండ్రి ఓడలో పోయాడు. కొడుకు గూడ్సు బండిలో తిరిగొచ్చాడు. వచ్చి షెడ్డులో ఇంజన్లు తుడిచే పనిలో చేరాడు. దొరల క్లబ్బులో కుర్చీ లేదు, కూలీల లైన్లలో చాప లేదు. అటువాళ్ళకి తక్కువ, ఇటువాళ్ళకి ఎక్కువ. పొద్దున ఒళ్ళంతా మసితో వచ్చి, దిబ్బ కింద రాయి మీద కూర్చుని, గిటారు ఒళ్ళో పెట్టుకుని, జల్లెళ్ళ చప్పుడు వినేవాడు.

దిబ్బకి పెద్దదిక్కు పెంచలమ్మ. ఆమె నోటికి జడవనివాళ్ళు లేరు. ఒకరోజు పైనుంచే అడిగింది. "ఏంది దొరా, మీవోళ్ళంతా పొయ్యిరే. నిన్ను మర్సిపొయ్యినారా?"

"వాళ్ళు మర్సిపోలేదు పెద్దమ్మా. పొయ్యేది నేనే మర్సిపోయినా," అన్నాడు సిరిల్.

దిబ్బంతా నవ్వింది. ఆ నవ్వుతో అతను దిబ్బ మనిషైపోయాడు. సిరిల్ కాస్తా సిరిలన్న అయ్యాడు. చచ్చిపోయాక సిరిలయ్య అయ్యాడు. బతికుండగా 'అయ్య' అనడానికి మనవాళ్ళకి నోరెట్లా వస్తుంది.

పెంచలమ్మ పక్కన కూర్చునేది చెంగమ్మ. పదిహేడేళ్ళ పిల్ల. కుదురు తక్కువ, గొంతు ఎక్కువ. బడి మొహం చూడలేదు. గూడ్సు పెట్టెల తలుపుల మీద రాసున్న అక్షరాలు చూసి, దారినపోయే గార్డులనడిగి, తనంతట తనే చదువు నేర్చుకుంది. ఏది కనపడినా చదివేది. చింపిన టికెట్టు చదివేది, పొట్లం కాగితం చదివేది, సిరిలన్న మొహం చదివేది.

సిరిలన్న కట్టిన మొదటి పాట జల్లెడ పాట. జల్లెడ మూడుసార్లు అటూ ఇటూ ఊగి, నాలుగోసారి ఆగుతుంది. ఆ ఆగేచోట అతని గిటారు పలికేది. ఇప్పటికీ అందరికీ వచ్చిన పాటే అది:

జల్లించవే అక్కా, జల్లించవే
బుగ్గైన దిబ్బలో బువ్వున్నదే
నల్లంగ మాడినా, నవ్వేటి ముక్కలో
రేపటి పొయ్యికీ నిప్పున్నదే

చెంగమ్మ అందుకుని పాడింది. పాట అయిపోయాక పెంచలమ్మ జల్లెడ దించి కళ్ళు తుడుచుకుంది. "ఇది కొత్త పాట కాదురా. మా అమ్మమ్మ పాట," అంది.

ఇది జాగ్రత్తగా వినాలి. దిబ్బ మీద అంతకన్నా పెద్ద మెప్పు లేదు. 'బాగుంది' అంటే ఒక మెట్టు. 'చాలా బాగుంది' అంటే రెండు మెట్లు. 'మా అమ్మమ్మ పాట' అంటే మూడో మెట్టు. నువ్వు కట్టలేదు, ఎప్పుడూ ఉన్నదే నీ చేతికి దొరికింది అని దాని అర్థం. ఆ మెప్పు విని సిరిలన్న చెవులదాకా ఎర్రబడ్డాడు.

రెండో పాట జోలపాట. మొగుడు డ్యూటీకి పోతే, పక్కనే బండి కూతలకి ఉలిక్కిపడే బిడ్డని పడుకోబెట్టే తల్లి పాట. మూడోది ఓడ పాట. 'నేనెక్కని ఓడ నన్నెక్కి తిరిగేను' అని మొదలవుతుంది. అది పాడేటప్పుడు మాత్రం చెంగమ్మ అతని వైపు చూసేది కాదు.

ఇక ఊరుకుంటాడా సిరిలన్న. షెడ్డులో పారేసిన బ్యాటరీ తెచ్చాడు, స్టేషనులో మూలపడేసిన లౌడు స్పీకరు తెచ్చాడు, తీగలతో గిటారుకి కట్టాడు. గిటారు ఒక్కసారి ఇంజను కూసినట్టు కూసింది. షెడ్డు ఫిట్టరు మస్తాను నూనె డ్రమ్ము బోర్లించి వాయించాడు. పెంచలమ్మ జల్లెడ, చెంగమ్మ గొంతు. నలుగురూ కలిసి తిరునాళ్ళలో పాడారు, పెళ్ళిళ్ళలో పాడారు, కూలీల సమ్మెల్లో పాడారు. మూడు దారుల్లోనూ పాకింది పాట. డ్రైవర్లు స్టేషను దగ్గరికొస్తూ జల్లెడ పాట వరసలో కూత వేసేవాళ్ళు. మూడు పొట్టి కూతలు, ఒక ఖాళీ. అది వినగానే ఇళ్ళలో ఆడవాళ్ళు 'సిరిలన్న బండొచ్చింది' అనేవాళ్ళు.

ఇంత పాట కట్టిన మనిషిని ఎవరైనా పిలిచి కూర్చోబెట్టారా? వినండి మరి.

మొదట పట్నంలో ఒక సంగీత సభకి పోయాడు. సభ పెద్దలు గిటారు చూశారు, స్పీకరు చూశారు, డ్రమ్ము చూశారు. ఇది కచేరీ కాదు, షెడ్డు అన్నారు. రాగం పేరు చెప్పమన్నారు. జల్లెడ అన్నాడు సిరిలన్న. తలుపేసుకున్నారు.

రెండోసారి రికార్డుల కంపెనీకి పోయాడు. మేనేజరు మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాడు. తెల్లతోలు కప్పుకుని తెలుగు పాటలేమిటి, ఇంగ్లీషు పాట పాడితే చూద్దామన్నాడు. సిరిలన్న వాళ్ళమ్మ పాటొకటి పాడాడు. ఇది ఇంగ్లీషులా లేదు, గొర్రెల మందలా ఉందన్నాడు మేనేజరు. తలుపేసుకున్నాడు.

మూడో తలుపు దగ్గరికి సిరిలన్న పోలేదు. ఆ తలుపే నడిచొచ్చింది. ఆ రెండూ వెయ్యి రెట్లు నయం.

వచ్చినాయన పేరు విశ్వంభరం గారు. పల్లె పాటలు సేకరించే పండితుడు. తెల్లటి లాల్చీ, చేతిలో టేపు పెట్టె. బుగ్గి అంటకుండా దిబ్బ పక్కన దుప్పటి పరిపించుకుని కూర్చున్నాడు. పాడండమ్మా అన్నాడు. పాడబోయారు. సిరిలన్న గిటారు మీటాడు. విశ్వంభరం గారు టేపు ఆపేశాడు.

"మీరు కాస్త ఆ పక్కకి కూర్చోండి దొరగారూ," అన్నాడు. "ఆ తీగల చప్పుడు పడితే పాటలో స్వచ్ఛత పోతుంది."

తన పాటలో తన చప్పుడు పడకూడదట. సిరిలన్న లేచి ఆ పక్కకి జరిగాడు. గిటారు ఒళ్ళో పెట్టుకుని, తీగల మీద చెయ్యి ఆనించి, చప్పుడు రాకుండా కూర్చున్నాడు. చెంగమ్మ మూడు పాటలూ పాడింది. పండితుడి కళ్ళు మెరిశాయి. ఈ పాటలు ఎవరివమ్మా అని అడిగాడు.

కట్టినవాడు అక్కడే ఉన్నాడు. గిటారు ఒళ్ళోనే ఉంది.

'నావి' అని అతను అనకూడదు, అది దిబ్బ కట్టుబాటు. పక్కవాళ్ళు అనాలి. చెంగమ్మ అతని వైపు చూసింది. ఊరు కాని ఊరి నుంచి ఇంత పెద్దమనిషి వచ్చాడు, సిరిలన్నని ఆకాశానికెత్తాలనుకుంది. తనకి తెలిసిన అన్నిటికన్నా పెద్ద మెప్పు వెతికి తీసింది.

"మా అమ్మమ్మలవి సారూ," అంది.

దిబ్బంతా తలాడించింది. పెంచలమ్మా తలాడించింది. సిరిలన్న మొహం వెలిగిపోయింది. వాళ్ళకి అది పట్టాభిషేకం. పండితుడు మాత్రం కలం తీసి, 'కర్త తెలియదు' అని రాసుకున్నాడు. దిబ్బ మీద ఒక మాటకి ఏ విలువో, పట్నంలో అదే మాటకి ఏ విలువో వాళ్ళకెట్లా తెలుస్తుంది? ఊరూరా తిరిగి పాటలేరుకునే పండితుడికి తెలియొద్దా? ఇంకొక్క మాట, ఒక్కటంటే ఒక్కటి, 'ఎప్పట్నుంచి పాడుతున్నారు' అని అడిగితే అరిగిపోయేవాడా?

అది మొదటిసారి. మొదటిసారి చెంగమ్మ తప్పు లేదు. ప్రేమతో అన్న మాట.

ఏడాది తిరిగింది. రికార్డు వచ్చింది, పుస్తకం వచ్చింది. పుస్తకం మీద విశ్వంభరం గారి పేరు చేటంత ఉంది. లోపల ఓడ పాటకి నాలుగు పేజీల వ్యాఖ్యానం. ఓడంటే ఓడ కాదట, దేహమట. ఎక్కకపోవడమంటే వైరాగ్యమట. రేవంటే మోక్షమట. వందేళ్ళ కిందట ఎవరో నిరక్షర యోగిని కట్టిందట. చెంగమ్మ అమ్మమ్మ జన్మలో ఓడ చూడలేదు. ఊరి పక్క వాగు దాటాలన్నా భయపడేది. ఆమెని యోగిని చేసి కూర్చోబెట్టారు, ఓడ దిగొచ్చినవాణ్ణి వదిలేసి.

చెంగమ్మని పట్నానికి కారులో తీసుకుపోయారు. శాలువా కప్పారు, ఫొటో తీశారు. 'చెంగమ్మ గారూ' అన్నారు. ఆ 'గారూ' విన్నప్పుడు ఆ పిల్లకి పాదాలు నేల మీద లేవు. తర్వాత ఒక కాగితం ముందు పెట్టారు. ఈ పాటలు మా అమ్మమ్మ నుంచి నాకు వచ్చినవి, ఇంకెవరూ కట్టలేదు అని రాసుంది అందులో. మిగతా ఆడవాళ్ళలా చదువు రానిదైతే ఏదో వేలిముద్ర వేసిందనుకుందుము. ఆమె ప్రతి అక్షరం చదివింది. 'ఇంకెవరూ' అన్న మాట రెండుసార్లు చదివింది. చదివి, గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టింది.

అది రెండోసారి. ప్రేమ కాదు అది. సిరిలన్నకేమీ నష్టం లేదులే అనుకుంది. దిబ్బకొచ్చి శాలువా అందరికీ చూపించింది, కాగితం సంగతి చెప్పలేదు. సిరిలన్న ఆ శాలువా అంచు పట్టుకుని చూసి, "మంచి నేత చెంగా. మడత పెట్టి దాచుకో, మసి అంటుద్ది," అన్నాడు.

ఇక మూడోసారి.

సముద్రం వైపు దారిలో ఒక పెద్ద తిరునాళ్ళ. సిరిలన్న జట్టు పాడుతోంది. జనం ఇసక వేస్తే రాలనట్టున్నారు. అదే తిరునాళ్ళకి విశ్వంభరం గారు పెద్దమనిషిగా వచ్చి, వేదిక మీద కుర్చీలో ఉన్నాడు. జల్లెడ పాట మొదలవ్వగానే, జనంలోంచి ఒకడు పుస్తకం పైకెత్తి లేచాడు. ఇవి మన పాటలు, మన తాతముత్తాతల సొత్తు, ఈ దొర వీటికి కరెంటు తగిలించి తనవని చెప్పుకు తిరుగుతున్నాడు అన్నాడు. వీళ్ళ నాన్నలు మన నేల తిన్నారు, ఇప్పుడు వీడు మన పాట తింటున్నాడు అని ఇంకొకడందుకున్నాడు. దొంగ అని మూడోవాడు. దొంగ అన్న మాట జనంలో ఎంత తొందరగా పాకుతుందో చెప్పనక్కర్లేదు. నిన్నటిదాకా సిరిలన్న బండొచ్చిందని మురిసిన నోళ్ళే అవి.

మస్తాను డ్రమ్ము పుల్ల పట్టుకుని ముందుకి దూకబోతే సిరిలన్న ఆపాడు. తనేమీ అనలేదు. అనకూడదు కదా. చెంగమ్మ వైపు తిరిగాడు. పక్కనున్నది ఆమే.

విశ్వంభరం గారు లేచి చెయ్యెత్తాడు. జనం సద్దుమణిగారు. ఆయన గొంతు మెత్తగానే ఉంది. "అమ్మా చెంగమ్మ గారూ, మీరే చెప్పండి. ఈ పాటలు ఈయన కట్టినవా?"

కట్టినవాడు అక్కడే ఉన్నాడు. గిటారు ఒళ్ళోనే ఉంది.

ఒక ఊపిరి. పట్నంలో పెట్టిన సంతకం గుర్తొచ్చింది. రెండో ఊపిరి. 'గారూ' గుర్తొచ్చింది. మూడో ఊపిరి. ఇంతమందిలో తను అబద్ధాలకోరవుతుందని గుర్తొచ్చింది. సిరిలన్న దొంగవుతాడన్నది మాత్రం గుర్తు రాలేదు. వచ్చిందేమో. వచ్చినా తల దించుకుని ఇసుకలోకి చూసింది.

నోరు విప్పలేదు. అంతే. ఒక్క అబద్ధం చెప్పలేదు, ఒక్క నిజం చెప్పలేదు.

ఎవరో స్పీకరు తీగ తెంచేశారు. ఇకమీదట ఈ పాటలు పాడనని దేవుడి మీద ఒట్టు వెయ్యమన్నారు. ఏ దేవుడి మీద అని అడిగాడు సిరిలన్న. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు. వాళ్ళకి అది పొగరులా వినిపించింది. చివరికి గిటారు మీద ఒట్టేశాడు. ఆ ఒట్టు చచ్చేదాకా తప్పలేదు. తన పాటల మీద తనకి హక్కు లేదని తనతోనే ఒట్టేయించారు. చట్టాలెరిగినవాళ్ళూ, శాస్త్రాలెరిగినవాళ్ళూ వేదిక నిండా కూర్చునే ఉన్నారు.

మర్నాడు పొద్దున చెంగమ్మ దిబ్బకి రావాలా వద్దా అని మూడుసార్లు బయల్దేరి, మూడోసారికి వచ్చింది. సిరిలన్న రాయి మీద కూర్చునున్నాడు. తిడతాడనుకుంది. తిడితే కాళ్ళ మీద పడదామనుకుంది. ఆమెకి ఆ దారి కూడా లేకుండా చేశాడు ఆ మనిషి.

"నిన్న ఎండకి నీ గొంతు ఎండిపోయినట్టుంది చెంగా," అన్నాడు. "నీళ్ళు తాగు."

అంతే. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. షెడ్డులో ఇంజన్లు తుడిచాడు. సాయంత్రాలు పిల్లకాయలకి తీగలు సరిచెయ్యడం నేర్పాడు. కొత్త పాటలు కట్టాడో లేదో ఎవరికీ తెలియదు. జల్లెళ్ళు ఊగుతుంటే, ఆగేచోట, ఒట్టి చేత్తో మోకాలి మీద ఒక దెబ్బ వేసేవాడు. అది వినపడకుండా ఉండాలని చెంగమ్మ జల్లెడ గట్టిగా ఊపేది. అట్లా ఎనిమిదేళ్ళు. డ్రైవర్లు కూడా వరస మార్చుకున్నారు. దొంగ పాట కూతెయ్యొద్దని పైనుంచి చెప్పారట.

తర్వాత మసి ఊపిరితిత్తుల్లో చేరింది. రైల్వే ఆసుపత్రిలో మూడు రోజులున్నాడు. మొదటి రోజు మస్తానుని చూడాలన్నాడు. రెండో రోజు పెంచలమ్మని చూడాలన్నాడు. మూడో రోజు ఎవరినీ అడగలేదు. చెంగమ్మ ఆ మూడు రోజులూ ఆసుపత్రి గేటు దగ్గరే ఉంది. లోపలికి పోలేదు.

ఊరి చివర దొరల సమాధుల తోట ఉంది. గేటుకి తాళం ఉంది, తాళం చెవి ఓడెక్కి ఎప్పుడో పోయింది. అందుకని గోడ బయటే గొయ్యి తీశారు. చచ్చాక కూడా అటు కాలేదు, ఇటు కాలేదు. పాత పట్టాల కింది చెక్కతో మస్తాను సిలువ చేశాడు. రాయడం వచ్చినది చెంగమ్మ ఒక్కతే. తారులో పుల్ల ముంచి పేరు రాసింది. పెంచలమ్మ కళ్ళు చికిలించి చూసి, కింద పాటలు కట్టినవాడని రాసినావా అని అడిగింది. చోటు చాల్లేదు పెద్దమ్మా అంది చెంగమ్మ.

చోటుంది. జానెడు చోటుంది.

ఆరు నెలలకి పట్నం నుంచి ఉత్తరం వచ్చింది. మధ్యాహ్నం, జల్లెళ్ళు దించి అందరూ సద్ది తింటున్నారు. చెంగమ్మ పైకి చదివింది. విశ్వంభరం గారి పూనికతో పట్నం నడిబొడ్డున 'అజ్ఞాత జానపద కవి' విగ్రహం పెడుతున్నారట. తలపాగా, భుజాన గొంగళి, చేతిలో కర్ర. వచ్చే సోమవారం ముసుగు తీస్తారట. తీసేది చెంగమ్మ గారేనట. కారు పంపిస్తారట.

పెంచలమ్మ ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగింది.

"అజ్ఞాత అంటే ఏందిమే?"

"ఎవరో తెలియనోడు అని."

"ఎవరికి తెలియనోడు?"

పెంచలమ్మ ముద్ద తిరిగి గిన్నెలో పెట్టేసింది.

"నేనూ తలాడించినా ఆ పొద్దు. నాది తప్పు కాదనను. అయితే నన్నెవరూ అడగలేదు. నిన్నడిగినారు. ఒగసారి కాదు, రెండు దఫాలు అడిగినారు. మూడో దఫా సిలువ కాడ నేనడిగినా." ఆమె గొంతు పైకి లేవలేదు. లేచుంటే బాగుండేది. "వాడు బతికినన్నాళ్ళూ నీ పక్క చూస్తా కూసున్నాడుమే. నా ముక్క నాదని ఇది ఎప్పుడంటదా అని. నువ్వు తలెత్తలా. ఇప్పుడు వాడికి తలపాగా పెట్టి, గొంగడి కప్పి, ఎవరో తెలియదంటా ముసుగు తియ్యడానికి పోతావా?"

"ఇప్పుడు చెప్తే నన్నేమంటారు పెద్దమ్మా."

"దొంగంటారు. వాడు ఎనిమిదేండ్లు పడినాడుగా. నువ్వు రెండేండ్లు పడు."

చెంగమ్మ ఉత్తరం మడిచింది. విప్పింది. మళ్ళీ మడిచింది. ఉత్తరం అడుగున, కారు ఎప్పుడు పంపాలో చెప్పడానికి విశ్వంభరం గారింటి ఫోను నంబరు అచ్చువేసి ఉంది. జంక్షనంతటికీ ఫోను ఒకటే. అది స్టేషను మాస్టరు గదిలో ఉంటుంది.

ఆ తర్వాత జరిగింది మూడు దారుల్లోనూ అందరికీ తెలిసిందే. ఆమెని ఎన్ని అన్నారో, ఏ పత్రికలో ఏం రాశారో, శాలువా వెనక్కి పంపమన్నారో పంపేసిందో, అదంతా వేరే కథ. పట్నంలో దిమ్మె మాత్రం కట్టినట్టే ఉంది. దాని మీద ఎవరూ లేరు, పావురాలు తప్ప. గోడ బయటి సిలువ మీద జానెడు చోటు ఇప్పుడు ఖాళీగా లేదు. ఆ వైపు ఊళ్ళలో ఎవరు పాట అందుకున్నా, పక్కన కూర్చున్నవాళ్ళు ముందు ఒక చెయ్యి అడ్డం పెడతారు. కట్టిన మనిషి పేరు చెబుతారు, తర్వాతే పాడనిస్తారు. పెళ్ళిలోనైనా, నాట్లలోనైనా, పసిబిడ్డ ఉయ్యాల దగ్గరైనా అంతే. పేరు తెలియని పాటైతే 'కర్త తెలియదు' అని మాత్రం అనరు. ఆ మాట అంటే అక్కడ ముసలమ్మలు ఊరుకోరు. 'కట్టినోళ్ళు ఉండారు, అడగనిది మనమే' అంటారు. అని, ఒక్క దెబ్బ మోకాలి మీద వేసి, అప్పుడు మొదలుపెడతారు. ఆ దెబ్బ ఎవరిదని అడిగితే సిరిలయ్యది అంటారు.

ఇవన్నీ తర్వాతివి. ఆ మధ్యాహ్నం మాత్రం ఇవేవీ లేవు. ఎండ ఉంది, బుగ్గి ఉంది, పదిమంది ఆడవాళ్ళు తినడం ఆపి చూస్తున్నారు. చెంగమ్మ చేతులు కూడా కడుక్కోకుండా దిబ్బ దిగింది. పట్టాలు దాటింది. మొదటి ప్లాట్‌ఫాం దాటింది. స్టేషను మాస్టరు గది గడప ముందు నిలబడింది. ఆయన కళ్ళద్దాల పైనుంచి చూసి, ఏం కావాలన్నాడు. పట్నానికి ఒక ఫోను చెయ్యాలంది. ఉత్తరం అందించింది. తెల్ల కాగితం మీద ఆమె వేలిముద్రలు నల్లగా పడ్డాయి.

ఆయన నంబరు చూశాడు, కింద పేరు చూశాడు. ఇంత పెద్దాయనకా అన్నట్టు ఆమెని ఎగాదిగా చూసి, రిసీవరు ఎత్తాడు. "మోటుగా మాట్లాడితే బాగుండదమ్మా. ఏమని చెప్పమంటావో చెప్పు, నేనే పద్ధతిగా చెబుతాను."

"మీరేం చెప్పొద్దు సారూ," అంది చెంగమ్మ. "కలిపి నా చేతికియ్యండి."